స్టాప్ బాత్

పక్కకి తిరిగి పడుకోమంది డాక్టర్ తిలకవతి,
మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని.
అరవైకి రెండు తక్కువ నాకు.
ఇలా ముడుచుకుని పడుకున్నది
ఆఖరిసారి ఎప్పుడో గుర్తులేదు.

"వెనిగర్ అద్దుతాను సార్, చల్లగా ఉంటుంది.
రెండు నిమిషాలు ఆగాలి."

ఆ వాసన!
నలభై ఏళ్ళు ఒక్క ఊపిరిలో వెనక్కి పోయాయి.
వడపళనిలో మేడమెట్ల కింద ఎర్రబల్బు గది,
సినిమా స్టిల్స్ కడిగే మూడు ట్రేలు.
మొదటిదాంట్లో బొమ్మ లేస్తుంది.
రెండోదాంట్లో ఈ పులుపు నీళ్ళే,
"ఇక చాలు, ఆగు" అని చెప్పే నీళ్ళు.
ఒక్క గుటక ఆలస్యమైతే
హీరోయిన్ మొహం మసిబొగ్గు.
మేస్త్రీ పేరయ్య నెత్తిన మొట్టేవాడు:
"బొమ్మ ఎవడైనా లేపుతాడ్రా.
ఆపడం తెలియాలి."

ఇప్పుడు తెరమీద నా లోపలి బొమ్మ లేస్తోంది.
నేను చూడ్డంలేదు.
గోడ కేలండర్లో మురుగన్ కూడా
నా వైపు కాకుండా నెమలి వైపు చూస్తున్నాడు.
మర్యాదస్తుడు.

ఇరవై రెండేళ్ళుగా రాత్రి అన్నం తర్వాత మాత్ర.
వైరస్ లెక్కకి అందడంలేదు, అంతా బాగుంది అంటారు ప్రతిసారీ.
గుండె సంగతి అడిగారు, కాలేయం సంగతి అడిగారు,
దగ్గు ఉందా, నిద్ర పడుతోందా.
ఈ చోటు సంగతి వాళ్ళడగలేదు,
నేను చెప్పలేదు.

మోజెస్ కూడా చెప్పలేదు.
రక్తం పడితే మొలలన్నాడు.
తాంబరం లోకల్లో పెట్టెపెట్టెకీ అంటించిన కాగితం ఉంటుందే,
మూలం, పౌత్రం, కత్తి లేకుండా నయం,
ఆ నెంబరుకి ఫోన్ చేశాడు.
పది నెలలు లేహ్యం నాకాడు. కందగడ్డ తిన్నాడు.
కూర్చోలేక నిలబడే పేకాడాడు,
మమ్మల్ని నవ్విస్తూ.
ఆఖరికి ఆసుపత్రిలో
డాక్టరు వేలికే తగిలిందట, నిమ్మకాయంత.
ఒక్క వేలు.
రెండేళ్ళ ముందు ఒక్క వేలు.

రోగికి మీరేమవుతారు అన్న గడిలో
స్నేహితుడు అని రాశాను.
ఆ గడిలో అంతకంటే పట్టదు.

సిగ్గుతో చచ్చిపోయాను అంటాం మాటవరసకి.
మోజెస్ మాటవరసకి కాదు.

"సార్, ఒకచోట తెల్లబడింది. పెసరగింజంత.
చిన్న ముక్క తీసి పంపిస్తాను.
క్యాన్సర్ కాదనే నా నమ్మకం, దానికి ముందు మెట్టు కావచ్చు.
అదే అయితే అక్కడే కాల్చేస్తాం."
కటుక్కుమంది.
కళ్ళలో నీళ్ళు తిరిగాయి,
ఆ నొప్పికి అన్ని నీళ్ళక్కర్లేదు.

ఎగ్మూరులో రైలెక్కాను.
కాలేజీ కుర్రాడు లేచి సీటిచ్చాడు.
"వద్దు తంబీ, నిలబడతా" అన్నాను, నవ్వొచ్చింది.
తలుపు పక్కన అదే కాగితం, అదే నెంబరు.
జేబులోంచి పెన్ను తీసి దాని కింద రాయబోయాను:
పెద్దాసుపత్రి, పదిహేడో గది, మంగళవారం.
నున్నటి కాగితం, సిరా పట్టలేదు.
కుర్రాడు చూస్తున్నాడు.
చూడనీ.
కోడంబాక్కం దాటేదాకా
అదే అక్షరం మీద
మళ్ళీ మళ్ళీ దిద్దుతూనే ఉన్నాను.