ఇరవై ఐదో జత

నెల్లూరు ఎక్స్చేంజి రెండో అంతస్తులో
ఏసీ ఒక్కటే గొణుక్కుంటోంది.

ఖాదర్ మస్తాన్ మామ చెప్పులు గుమ్మం బయట విడిచాడు,
ముప్పై రెండేళ్లుగా
మసీదుకూ ఈ గదికీ ఒకటే మర్యాద.
ఫ్రేము ముందు నిలబడి
ఎక్కం వల్లించినట్టు పెదాలు కదిపాడు:
తెలుపు ఎరుపు నలుపు పసుపు ఊదా,
నీలం నారింజ పచ్చ గోధుమ బూడిద.
అయిదైదులు ఇరవై అయిదు జతలు.
నాకు ఉద్యోగం నేర్పింది ఈ పద్యమే.

కింది గది నుంచి పై గదికి
తొడంత లావు రాగి మోకులు
గోడ కన్నాల్లోంచి ఎగబాకి పోతాయి.
బరువుకు వంగిన ట్రేల కింద
ఎప్పుడో ఎవరో నిలబెట్టిన వేపకర్ర
ఇంకా అట్టే ఉంది.

రాగి మాట్లాడేది.
క్లిప్పు తగిలిస్తే దర్గామిట్ట డాక్టరమ్మ గొంతు,
ట్రంకు రోడ్డు బియ్యం కొట్లో బేరం.
వినగూడదని వెంటనే పీకేసేవాడు గానీ
ఊళ్లో ఎవరి గొంతు బొంగురుపోయిందో
మామకు తెలిసిపోయేది.
బెల్లు మోగే వేళ తీగ ముట్టుకుంటే
మోచేతి దాకా జివ్వుమనేది.
"ఎవరో ఎవర్నో పిలస్తా ఉండార్లే"
అని చెయ్యి విదిలించేవాడు.

ఈ రాత్రి ఆ మోకుల బదులు
పసుపు తొడుగులో సన్నటి గాజు.
"కొనలోకి కన్ను పెట్టి చూడబాక మామా."
"చూడకుండా, వినకుండా, ముట్టుకోకుండా
పనెట్టా చేసేది పాపా?"

గాజు తెంపే కత్తి నా చేతికిచ్చారు.
సైదాపురం అభ్రకం గనిలో మాయమ్మ
గోటి కొసతో పొర కింద పొర లేపేది.
ఆ చెయ్యే వచ్చిందేమో,
పోగు టక్కున తెగింది, నున్నగా.
తునకను టేపు మీద అంటించాను.
చర్మంలో దిగితే కనపడదు.

మామ ఇంకో కొన ఒలిచి
లైటు కిందకు పట్టుకున్నాడు.
నీలం. నారింజ. పచ్చ. గోధుమ. బూడిద.
ఉలిక్కిపడి నా వైపు చూశాడు,
కొత్త ఊళ్లో మేనత్త ఎదురైనట్టు.
"మన పాఠమే పాపా ఇది!"
కాసేపాగి,
"జతేదీ?" అన్నాడు.

పోయే మాటకొకటి, వచ్చే మాటకొకటి మామా.
రెండూ మెలేసుకోవు.

ఆయనేమీ అనలేదు.
తెల్లారుజామున, రాగినంతా కోసి కట్టలు కట్టాక,
ఊదా బూడిద జత ఒకటి, జానెడు,
చిటికెన వేలికి చుట్టుకుని
గుమ్మం బయట చీకట్లో
కాలితో చెప్పులు తడుముకుంటున్నాడు.