తల్లి పేరు ముందు

గాజుగది బయట సున్నాకి కింద ముప్పై ఎనిమిది.
లోపల మే నెల.
కోటు మేకుకి తగిలించి
ఎడమచేత్తో పట్టకారు అందుకుంటాను.
ఈ చేతిని బళ్లో రెండేళ్లు బల్లకి కట్టేశారు.
అది మరిచిపోలేదు. నేనూ మరిచిపోలేదు.

ఈ సైబీరియాలో నా ఉద్యోగానికి పెద్ద పేరే ఉంది,
జీతం చీటీ మీద రెండు వరసలు పడుతుంది.
పిలవడానికి మాత్రం అందరికీ నేను పెళ్లిళ్ల పేరమ్మని.

నిజానికి బఠాణీకి పేరమ్మ అక్కర్లేదు.
మొగ్గ విచ్చకముందే, తలుపులు బిడాయించుకుని,
తనలో తానే కాపురం కానిచ్చేస్తుంది.
అందుకే దానికంటే ముందు లేవాలి.
రేకు చీల్చి, పుప్పొడి తిత్తులు గిల్లాలి:
తొమ్మిది ఒక జట్టు, పదోది విడిగా.
కొత్తవాళ్లు ఆ పదోదాన్నే మరిచిపోతారు.
ఒక్కటి మిగిలినా పెళ్లి అబద్ధం.

గలిలయ రాళ్లకొండ నుంచి అగ్గిపెట్టెలో వచ్చాయి
పదకొండు అడవి గింజలు.
వారం నానబెట్టినా ఉలకవు, పలకవు.
గోళ్లు రాసుకునే ఆకురాయితో
ఒక్కోదాని తోలు గీకితే గానీ నోరు విప్పలేదు.

పెరిగాక ఊరుకుందా?
ఎండిన కాయ ఫట్‌మని పేలి, మెలితిరిగి,
గింజని రెండు బారల అవతలకి విసిరింది.
నేల తుడిచే మినీగుల్
ఎవడో రాళ్లేస్తున్నాడని
చీపురు తిరగేసి కుండీల మధ్య వెతికింది.

పొలం బఠాణీ అలా కాదు.
ఎండినా చేతులు కట్టుకు నిలబడుతుంది,
మనం వచ్చి ఒలిచేదాకా.
పదివేల ఏళ్ల వినయం.
ఆ వినయానికి
కొంచెం కొండగాలి కలుపుదామనే మా యావ.

దౌరెన్ ఆ చలికాలమే చేరాడు. చురుకైన పిల్లాడు.
ఎర్రదారం చీటీ మీద తల్లి పేరు ముందు రాయాలి,
తర్వాత గుణకారం గుర్తు, తర్వాత తండ్రి పేరు.
వాడు అడవిదాన్ని తల్లిని చేశాడు.
"ఎటైతేనేం అపా? అటు ఏడు, ఇటు ఏడు క్రోమోజోములు.
రెండు మూళ్లు ఆరు, మూడు రెళ్లు ఆరు."

లెక్క తప్పలేదు.
నా మొక్కలు, పొలంది తల్లి, అడవిది తండ్రి,
ముదురుపచ్చగా కడ్డీలెక్కి కిటికీ దాకా పాకాయి.
వాడివి, అదే ఇద్దరి బిడ్డలు,
నెత్తురు చాలని మనిషి
కనురెప్ప లోపలి రంగులో మొలిచాయి.

ఆకులో పచ్చదనం వండే పొయ్యిలు
పుట్టింటి సారెలా తల్లి వెంటే వస్తాయి.
తండ్రి పంపిన వంటలు
ఆ పొయ్యిల మీద ఉడకలేదు.
ఇంతే తెలుసు మాకు, ఇది కూడా
పెన్సిల్‌తో రాసుకున్నదే.

"పారేస్తాను," అన్నాడు, చెవులు ఎర్రబడగా.
"నీళ్లు పొయ్యి," అన్నాను.
ఎందుకన్నానో తెలియదు. వాటిని చూస్తే
నాకూ ఆశ లేదు.

ఐదో వారం, నాలుగో కుండీ.
పాలిపోయిన ఆకు మీద, ఈనె పక్కన,
గోరంత వెడల్పున పచ్చటి చార.
దౌరెన్ కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు.
పుప్పొడి రేణువులో దాక్కుని
తండ్రి పొయ్యి ఒకటి గడప దాటింది.
పుస్తకంలో 'తల్లి నుంచే' అని ఉంది.
వెతికితే అడుగున, చిన్నక్షరాల్లో,
'సాధారణంగా' అని కూడా ఉంది.

మీ నాన్న నీకేమీ ఇవ్వలేదే అనేది మా అమ్మ,
చివరి జ్వరంలో కూడా.
నిజమే. ఇంటిపేరు ఆమెది, మాట ఆమెది,
ఈ పొట్టి మెడ ఆమెది.
ఆయన ఏ చేత్తో రాసేవాడో
ఎవర్నీ అడగలేదు నేను.

చార ఉన్న కొమ్మకి ఎర్రదారం కట్టాను.
దౌరెన్ వంగి చూసి నవ్వాడు:
"మీ ముడులన్నీ తిరగబడి ఉంటాయేం, అపా?"

దీపం ఇటు తిప్పమన్నాను.
చీటీ రాయాలి.