స్టెప్నీ బోల్టు

పుదుపేటలో నాలుగు ఆదివారాలు తిరిగాను.
"ఆ మర ఇప్పుడెక్కడిది సార్" అని
పాత ఇనుము గుట్టల మీంచి తలలు అడ్డంగా ఊగాయి.

అంబత్తూరు లేత్ షెడ్డులో కదిర్వేలు
మిగిలిన ఒక్క బోల్టునూ కిరసనాయిల్లో ముంచి, తుడిచి,
మరల మధ్య గోరు పెట్టి చూశాడు.
"ఒక వైపు అరిగింది.
పుట్టినప్పటిలా చెయ్యనా, ఉన్నట్టే చెయ్యనా?"

అరిగిన వైపు
ఏ క్లీనరో వానలో, గూడూరు దాటాక,
పానా జారి తిట్టుకున్న వైపు.

పుట్టినప్పటిలాగే, అన్నాను.
నీలంగా పొగలు కక్కుతూ ఇనప చుట్టలు రాలాయి.
బయట లారీ కింద వెల్లకిలా పడుకుని,
ఇంకా వేడిగా ఉన్నదాన్నే బిగించాను.
మూడు చుట్లు తిరిగి ఆగింది.

ఇక ఆ సైజు టైరు దొరకాలి.
పాత బోల్టు మాత్రం
జేబులో ఇంటి తాళాలతో గొడవ పడుతోంది.