ఏమీ కలపని గుంపు

తెల్లారి ఆరింటికి, దాణా వేయకముందే తూయాలి.
కడుపు ఖాళీగా ఉంటేనే బరువు అబద్ధమాడదని
మా గైడు మాట.
రాజేంద్రనగర్‌లో రేకుల షెడ్డు,
ఇరవై నాలుగు పొట్టేలు పిల్లలు,
చెవులకు పసుపు ట్యాగులు, గుంపుకి ఆరు.

మొదటి గుంపు దాణాలో ఈస్టు.
రెండోదాంట్లో వెల్లుల్లి పొడి,
షెడ్డంతా పెళ్లి వంటల వాసన.
మూడోదాంట్లో రెండూ.
నాలుగో గుంపుకి మొక్కజొన్న, పల్లీ చెక్క, తవుడు, చిటికెడు ఉప్పు.
అంతే. ఏమీ కలపం.
మిగతావాటిని పోల్చి చూసుకోవడానికే అవి.

"గీటికేం పాపం తాకింది మేడం?"
అన్నాడు సాయిలు మొదటిరోజే.
కంట్రోల్ అంటే ఏమిటో చెప్పాను,
తేడా తెలియాలంటే తేడా చేయనిది ఒకటుండాలని.
కాసేపు ఆలోచించాడు.
"అంటే ఉత్తగ ఉండుడే గీటి పని."
నా సినాప్సిస్‌లో మూడు పేజీలు
ఆయన నోట్లో ఒక్క ముక్క.

పద్నాలుగు రోజులకోసారి తూకం.
సాయిలు పిల్లను ఎత్తి గోనె ఉయ్యాల్లో పెడతాడు.
అంకె వణుకుతుంది.
పిల్ల ఊపిరి బిగబట్టినప్పుడు ఆగుతుంది.
ఆ భయాన్నే నేను రాసుకుంటాను:
పదహారు కిలోల నాలుగు వందలు,
పదిహేడు కిలోల నూటయాభై.
శంషాబాద్‌లో దిగబోయే విమానం
నెత్తిమీంచి పోతే
అంకె మళ్లీ మొదట్నించీ వణుకుతుంది.

నలభై రెండో రోజు
నాలుగో గుంపులో ఇరవై ఒకటి,
ఆరింటిలో బక్కది,
పద్నాలుగు రోజులూ రోజుకి నూట అరవై గ్రాములు పెరిగింది.
ఈస్టు తిన్న దేనికీ అంత లేదు.
మళ్లీ తూచాను. కాటాకి ఐదు కిలోల రాయి కట్టి చూశాను.
కాటా నిజమే చెబుతోంది.
ఆ రాత్రి అత్తాపూర్‌లో, మా హాస్టల్ కిటికీ ముందు,
ఎక్స్‌ప్రెస్ వే స్తంభం మీది నంబరు చూస్తూ కూచున్నాను.
దానికైనా ఒక నంబరుంది, అది పెరగదు.

మర్నాడు పొద్దుగూకే వేళ చెప్పకుండా వెళ్లాను.
సాయిలు గొంతుక్కూచుని
రుమాలు మూటలోంచి తుమ్మకాయలు తీసి పెడుతున్నాడు,
హిమాయత్‌సాగర్ కట్ట పొంట ఏరినవి.
ఇరవై ఒకటి కాయ నమిలి
ఆయన వేళ్లు కూడా నాకుతోంది.

అరిచాను. చాలాసేపే అరిచాను.
ఫెలోషిప్పు, పరీక్షలు, ఏడాది శ్రమ, అన్నీ చెప్పాను.
ఆయన లేచి నిలబడ్డాడు, చేతులు లుంగీకి తుడుచుకుంటూ.
"తొట్టి కాడికి రానిస్తలెవ్వు మేడం దీన్ని.
కొమ్ములొచ్చినయి, కుమ్ముతున్నయి."
రోజుకెన్ని కాయలు?
"లెక్క వెట్టలె. లెక్క మీ పని గద."

గైడు తేలిగ్గానే తేల్చేశారు:
ఆ ఒక్క వరస కొట్టెయ్, కారణం అనారోగ్యమని రాయి.
షెడ్డు మొత్తంలో
అంత ఆరోగ్యంగా ఉన్న జీవి ఇంకోటి లేదు.
పెన్ను పట్టుకుని, పెట్టి, పట్టుకుని
చివరికి ఇలా రాశాను:
"అదనపు మేత అందింది. పరిమాణం తెలియదు.
తుమ్మ కాసే కాలం."
పక్కన గైడు ఎర్ర సిరాతో ప్రశ్నార్థకం.
తొట్టి పొడవు గురించి మాత్రం
మా ఇద్దరిలో ఎవరమూ ఏమీ రాయలేదు.

తొంభయ్యో రోజు వ్యాను జియాగూడ వెళ్లింది.
నేనూ వెళ్లాలి, మాంసం శాతం కట్టాలి.
సాయిలు ఆ పూట షెడ్డు కడుగుతానన్నాడు.
నిన్నే కడిగిన షెడ్డు.
గద్దె మీద కత్తి ఆపి
ఖురేషీ సాబ్ వేలితో నడుం నొక్కి చూశాడు,
"ఏం కలిపిన్రమ్మా దీనికి? మంచిగ వట్టింది."
ఏమీ కలపలేదన్నాను.
రికార్డు ప్రకారం అది నిజం.

తిరిగొచ్చేసరికి షెడ్డు తడిగా ఉంది,
తొట్లు నాలుగూ బోర్లించి ఉన్నాయి.
కోటు జేబులో ఇరవై నాలుగు పసుపు ట్యాగులు
నడిస్తే చప్పుడు చేస్తున్నాయి.
"కొత్త పిల్లలెప్పుడొస్తయి?" అడిగాడు సాయిలు.
వచ్చే నెల అన్నాను.
చీపురు గోడకి ఆనిస్తూ అన్నాడు:
"తుమ్మ అయిపాయె మేడం.
ఇగ మీ ఈస్టే దిక్కు."