నాలుగు మిల్లీమీటర్ల గడ్డి

విచారణ ఆరింటికని నోటీసు.
ఆరుంబావుకే కుర్చీలు చాల్లేదు.
కేప్‌టౌన్ ఆగ్నేయపు గాలి
హాలు కిటికీలు పట్టుకుని ఊపుతోంది,
తన పేరూ రాసుకోమన్నట్టు.

నేను మినిట్స్ రాసేవాణ్ణి.
ఎవరేమన్నారో రాయాలి,
ఎలా అన్నారో రాయకూడదు.

స్థలం: నగరపాలక సంస్థది, స్టేషన్ పక్కన, ఎకరంన్నర.
వాడకం: తెల్లబట్టల్లో బంతులు దొర్లించే క్లబ్బు.
సభ్యులు ఇరవై ముగ్గురు, వంగగలిగినవాళ్ళు పదకొండుమంది.
లీజు ఏడాదికి వెయ్యి ర్యాండ్లు.
ప్రతిపాదన: నూట అరవై అద్దె ఇళ్ళు.

కార్యదర్శి పెన్‌హాలిగన్ లేచాడు.
గడ్డిని నాలుగు మిల్లీమీటర్ల దగ్గర నిలపడానికి
తన తండ్రికీ తనకీ కలిపి
అరవై ఏళ్ళు పట్టిందన్నాడు.
గొంతు వణికింది. అది రాయలేదు.

పెవిలియన్ చెక్కమెట్లకి నూటపదేళ్ళంది
వారసత్వ సంఘం ఆవిడ.
అన్నేళ్ళలో ఏ రంగు కాళ్ళు వాటిని ఎక్కాయో
ఎవరూ అడగలేదు.

బిల్డరు పంపిన కుర్రాడు తెరమీద బొమ్మలేశాడు.
ప్రతి బాల్కనీకీ ఒక కుండీ, ప్రతి కుండీకీ ఎండ.
"సబ్సిడీవి నలభై. మిగతావి మార్కెట్ ధరకి,
లేకపోతే లెక్క కుదరదు."
నూట అరవై నలభై కావడానికి
ఒక్క స్లైడు పట్టింది.

కౌన్సిలర్ స్ట్రైడమ్ గోడమీదే కూర్చుని
రెండు పెరళ్ళవైపూ తోక ఊపాడు.
ఎన్నికలు నవంబర్లో.

మాగ్దలీన్ ఫోర్టెయిన్
డెల్ఫ్ట్ నుంచి రెండు టాక్సీలు మారి వచ్చింది.
ప్లాస్టిక్ కవర్లోంచి రసీదు తీసింది,
ఇంటి దరఖాస్తుది, తొంభై ఎనిమిది నాటిది.
మడతల్లో అంకెలు చెరిగిపోయి
ఆమె నోట్లోనే మిగిలాయి.
నంబరు చదివింది. మళ్ళీ చదివింది.
"ఈ క్లబ్బులో పంతొమ్మిదేళ్ళు టీలందించాను.
గడ్డి తొక్కకూడదు, అంచు వెంట తిరిగి రావాలి.
ట్రేతో ఎన్ని చుట్లో నా మోకాళ్ళనడగండి.
మంచి గడ్డే, మిస్టర్ పెన్‌హాలిగన్, కాదనను.
నా మనవరాలికి పదమూడు.
దరఖాస్తు ఎక్కడ పెట్టాలని అడుగుతోంది."
మూడు నిమిషాల గంట మోగింది.

ఇక అభ్యంతరాల కట్ట. నాలుగువందల పన్నెండు ఉత్తరాలు.
"ఇళ్ళకి మేం వ్యతిరేకం కాదు, కానీ."
ఆ కానీ వెనక పార్కింగు, నీడ, మురుగు పైపులు,
ఈ వీధి స్వభావం.

మూడువందల ఆరోది నాది.

ఎవరి పెరట్లోనో రేకుల గదిలో పుట్టినవాణ్ణే నేనూ.
ఇప్పుడు స్టేషన్ వెనక ఫ్లాటు, ఇంకా పద్దెనిమిదేళ్ళ వాయిదాలు.
వంటింటి కిటికీలోంచి చారెడు పచ్చన కనిపిస్తుంది.
ఆ చారెడుకీ బ్యాంకు ధర కట్టింది.

తీర్మానం: మరింత అధ్యయనం కోసం వాయిదా.

అందరూ వెళ్ళాక చూసుకుంటే
ఆమె నంబర్లో చివరి అంకె
మూడో ఎనిమిదో తేలలేదు.
అడుగుదామని బయటికొచ్చాను.
టాక్సీ స్టాండుకి గడ్డికి అడ్డంపడితే అరవై అంగలు.
చీకటి. చూసేవాళ్ళు లేరు.
ఆమె అంచు వెంటే నడుస్తోంది.

పిలవలేదు.
మూడని రాశాను.