తడి క్లచ్

పగలంతా నా చేతుల్లో సీసాలే.
కోఠీ ల్యాబులో రక్తం, మూత్రం, కఫం,
రంగు చూసి సగం రోగం చెప్పేస్తాను.
సోమవారం సాయంత్రం రాణీగంజ్‌లో
నా బండి కింద తసలా పెట్టి
గఫూర్ చాచా డ్రెయిన్ బోల్టు విప్పాక
ధారగా దిగినదాన్ని చూసి మాత్రం
ఏమీ చెప్పలేకపోయాను.

బూడిదరంగు. కాస్త తళుకు.
బోల్టు కొసన అయస్కాంతం మీద
ఉక్కు నూగు కొత్త మీసంలా లేచి ఉంది.

"ఏం పోసినవ్ బిడ్డా ఇందుల?"
"మా బాబాయి కారుది చాచా, మిగిలితే.
మంచిదే, లీటరు పదిహేను వందలు."
ఆయన నవ్వలేదు. చూపుడువేలు ముంచి
బొటనవేలితో రుద్దాడు,
జీలకర్ర నలిపినట్టు నలిపి వాసన చూశాడు.
"మంచిదే. అందుకే జారింది."

అవును, జారింది.
ఘట్‌కేసర్ అవతల పాత క్వారీ ఎత్తు మీద
మూడో గేరులో ఇంజను గొంతు చించుకుంది,
చక్రం వినలేదు.
టైరు కింద మొరం ఒక్క రాయి కదల్లేదు.
నేను వెనక్కి, ఇంకా వెనక్కి,
కింద నిలబడ్డ పోరగాళ్ల ఈలల్లోకి.

"టూ స్ట్రోక్‌ల నూనెలు రెండు," అన్నాడు
తసలాను కాలితో జరుపుతూ.
"ఒకటి పెట్రోల్ల కలిసి పోతది, కాలుడే దాని పని.
పొగైతది, నీ చున్నీకి వాసనైతది, ఖతం.
రెండోది ఎటూ పోదు.
పండ్ల చక్రాల నడుమ చీకట్ల కూసుంటది.
కారు క్లచ్ పొడిది. దీనిది తడి క్లచ్,
పళ్లాలు ఆ నూనెల్నే మునిగుంటయి.
తడుపాలె గని జారనియ్యొద్దు.
గంతే లెక్క."

అంతే లెక్కా?
అర మీద పదకొండు రకాల డబ్బాలు.
ఇమాద్ ఎర్రది ఎత్తి చూపించాడు,
ఆటోమేటిక్ కార్ల గేరుబాక్సుది.
రేసు పిల్లలంతా ఇదేనట, గేరు వెన్నలా పడుతుందట.
"పొయ్యి," అన్నాడు చాచా,
"ఆదివారం ఆదివారం మార్చే ఓపికుంటె పొయ్యి.
మే నెల మొరం మీద అది నీళ్లైతది."
ఇంకోటి ఆముదంలా చిక్కగా.
"అది లారీలకు. పొద్దుగాల పట్టు విడువది,
న్యూట్రల్ దొరకక ఏడుస్తవ్."

నేను డబ్బాల వెనక చదివాను,
రిపోర్టులు చదివే అలవాటు కొద్దీ.
పది డబ్ల్యూ నలభై. మూలన చిన్న గడిలో
ఎమ్మే అని రెండక్షరాలు.
పక్క డబ్బా మీద అంకెలు అవే,
గడిలో మాత్రం ఎంబీ.
అది స్కూటర్లదట, జారే జాతి.
ఒక్క అక్షరం తేడా.
బ్లడ్ గ్రూపూ అంతేగా అనుకున్నాను,
ఎంత మంచి రక్తమైనా
ఎవరి ఒంట్లోకి అన్నదే ప్రశ్న.

మూడు వందల ఎనభై ఇచ్చాను.
గీతలున్న ప్లాస్టిక్ లోటాలో
ఆరువందల యాభై కొలిచి,
కంటి ఎత్తుకి లేపి, ఇంకో చుక్క పోసి,
నా చేతే గరాటు పట్టించాడు.
తేనెరంగు. వెలుతురు దాటి కనిపించేంత శుభ్రం.
ఇంకాసేపట్లో ఎవరికీ కనిపించదు.
"తెల్లపొగ మొదలై ఇది తగ్గుతుంటె
కుడి సీలు పోయినట్టు. అప్పుడు రా.
ఊకెనే రాకు, చాయ్ నేను తాగిపియ్య."
అంటూనే ఇమాద్‌ని చాయ్‌కి పంపాడు.

లోయర్ ట్యాంక్‌బండ్ సిగ్నల్ దగ్గర
నా ముందు పాలవ్యాను, వెనక ఏడో నంబరు బస్సు హారను.
లివర్ మెల్లగా వదిలాను.
సగం దగ్గర, అరచేతికి తెలిసేలా,
లోపల ఏదో ఏదాన్నో పట్టుకుంది.
బండి కదిలింది.
హెల్మెట్‌లో ఒక్కదాన్నే "హా" అన్నాను, పెద్దగా.

మంగళవారం పొద్దున ల్యాబులో
చేతులు రెండుసార్లు కడిగాను.
గోటి కింద ఇంకా బూడిదరంగు, కాస్త తళుకు.
గ్లౌజు తొడుక్కుని
మొదటి సీసా వెలుతురుకి ఎత్తాను.