కాలుడి డేరా

నారాయణపేట రోడ్డు మలుపుకాడ
తుమ్మచెట్టుకు ఇనుపతీగెతో కట్టిన రేకు:
"అగ్నిపర్వతం. 2 కి.మీ. పార్కింగు ఉంది."
రాసింది మొగులప్ప.
చివరి సున్నకు జాగ చాలక
రేకు అంచు మీద కూసుంది.

అది బయటపడ్డ నాడు నేను బోరుబండి మీద హెల్పర్ని.
తిప్పమ్మ చేన్ల ఆ పొద్దు రాడ్డు దిగింది
నీళ్లకు కాదు, రాయికి.
సర్వేవాళ్లు గొట్టంలోంచి నీలిపచ్చ ముక్కల్ని
మంత్రసాని పిల్లను అందుకున్నట్టు అందుకొని
చెక్కపెట్టెల్ల వరసగ పండబెట్టిండ్రు.
పెద్దసారు చెమట తుడుసుకుంట చెప్పిండు:
"అమ్మా, నీ కందిచేను కింద
అగ్నిపర్వతం గొంతు ఉన్నది.
నూటపది కోట్ల ఏండ్ల కింద కక్కింది."
తిప్పమ్మ కొంగు సదురుకొని అడిగింది:
"పట్టా ఎవరి పేర ఉండె సారూ, అప్పుడు?"

పెట్టెలు జీపెక్కినయి.
వజ్రాలు లేవని తర్వాత కబురొచ్చింది.
ఆ రాత్రి తిప్పమ్మ
మైసమ్మకు కొబ్బరికాయ కొట్టింది.
ఉంటే చేను ఉండకపోతుండె గద!

ఇప్పుడు ఆదివారం ఆదివారం కార్లొస్తయి.
మొగులప్ప టికెట్టు తెంపుతడు, ఇరవై.
తిప్పమ్మ పల్లికాయ ఉడకబెట్టి అమ్ముతది.
గిరాకీ లేని బోరుబండి దిగి
నేను గైడునైన.
ఏం చూపియ్యాలె?
మోకాలి లోతు పల్లం,
సున్నపుగడ్డలు, రెండు తంగేడు పొదలు,
గెట్టు మీద ఎవరివో బర్రెలు.
"పొగ ఏది?" అంటరు.
ఒకసారి మొగులప్ప కందికట్టె అంటుబెట్టిండు.
ఫొటోలు మంచిగనే వచ్చినయి.
"పొయ్యిలకు దాసుకున్న కట్టెరా!" అని తిప్పమ్మ
గెట్టు దాటేదాక తరిమింది.

టోపీ పెట్టుకున్న మేడం ఒకామె
ఫోన్ల చూపింది, ఏడనో సముద్రంల
ఇంకా పాణమున్న దాన్ని.
అంచు చుట్టూ జనం, వరసలు, ఐస్‌క్రీం బండి.
అడుగున ఎర్రగా మసులుతున్న ముద్ద.
తిప్పమ్మ ఫోను కండ్లకాడికి తెచ్చుకుంది.
"గీ కటకటాలు దేనికి బిడ్డా?
అది దాటొస్తదనా, వీళ్లు దూకుతరనా?"
మేడం నవ్వింది.
"ఈ గుంతను కాల్డెరా అంటారు పెద్దమ్మా."
"కాలుడి డేరానా?"
తప్పని చెప్పబోయి మేడం ఆగింది.
పల్లం దిక్కు చూసింది,
ఎవరో గుడారం పీకి పోయిన జాగను చూసినట్టు.

నాకు మాత్రం యాదికొచ్చేది వేరే.
ఇదే చేన్ల నాలుగు బోర్లు.
రాడ్లు దించింది ఈ చేతులే.
ఎనిమిది వందల ఫీట్లకు కూడా
మొఖం మీదికి దుబ్బే లేసింది.
నీళ్లను ఎంత బతిమిలాడినా రాలే.
నిప్పు, ఎవ్వరు పిలువంగ వచ్చింది?
చూసెటోడు లేడు, టికెట్టు తెంపెటోడు లేడు,
ఒక్కతే వచ్చి ఒక్కతే ఆరింది.
దాని బూడిదల మా కంది కాస్తుంది,
వాన పడ్డ ఏడు.

మేడం కొడుకు నా అంగీ గుంజిండు:
"అంకుల్, మళ్ల పేలుతదా?"
గైడును. నాకు తెల్వదు.
తిప్పమ్మ గంపలకెళ్లి పిడికెడు కాయ తీసి
వాని దోసిట్ల పోసింది.
"కాలుతయి. ఊదుకొని తిను."
వాడు ఊదిండు.
ఇరవై రూపాయలకు ఆ పూట కనపడ్డ ఆవిరి
గంతే.